బండి బాగుంది, కొనమాకండి



నాలుగేళ్ల కిందట ఒక సెకండ్ హ్యాండ్ కారు కొందామని బయల్దేరాను. రిటైరైన లెక్కల మాస్టారికి షోరూము బండెందుకు, ఊళ్లో తిరగడానికీ నెలకోసారి గుడివాడ వెళ్లి రావడానికీ పాతది చాలదా అని మా ఆవిడ తీర్మానం. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపే మెకానిక్ ఒకడున్నాడు. పదో తరగతిలో నా దగ్గరే లెక్కలు తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కి, ఇవాళ నా పెన్షన్‌కు మూడింతలు సంపాదిస్తున్నవాడు. వాణ్ణి వెంటబెట్టుకుని ఓ బండి చూడ్డానికి వెళ్లాను.

వాడు బండి చూసే పద్ధతి చూసి తీరాలి. ముందు బానెట్ ఎత్తలేదు. పొద్దుటెండ ఏటవాలుగా పడుతున్న వైపు గొంతుక్కూర్చుని తలుపుల మీద వెలుగును చూశాడు. "టింకరింగ్ చేసిన రేకయితే వెలుగు వంకర తిరుగుద్ది మాస్టారూ" అన్నాడు. తర్వాత తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగును గోటితో పక్కకు లాగి, దాని కింద రంగూ పైన రంగూ ఒకటేనా కాదా అని పోల్చాడు. ఇంజను ఆయిల్ పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, ఆ చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. బండి స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత తీసి, పొగ తన్నుతోందేమోనని పైన అరచెయ్యి పెట్టాడు. చివరికి నన్నెక్కించుకుని బెంజి సర్కిల్ దాకా తిప్పుకొచ్చాడు.

"బండి బాగుంది మాస్టారూ. ఇంజను రాయిలాగుంది. మీటరు వెనక్కి తిప్పలా. ఎక్కడా గుద్దిన బండి కాదు. రేటు కూడా తక్కువే చెప్తున్నారు" అన్నాడు.

"అయితే బేరం మాట్లాడదామా?" అన్నాను.

"కొనమాకండి" అన్నాడు.

ఆ బండి చేసిన కంపెనీకి బజార్లో చెడ్డపేరు ఉందట. అది ఏ కంపెనీయో రేడియోలో చెప్పను. వాళ్లేం తప్పు చేశారని? నేను ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. బండి బాగుంది, దానికి ధర తక్కువ కలిపితే, కొనాలి అని కదా జవాబు రావాలి? కొనొద్దు అని ఎలా వచ్చింది? ఈ లెక్క నాకు చాలాకాలం తెగలేదు. ఇవాళ్టి ప్రసంగమంతా ఆ లెక్కే అనుకోండి.

చెడ్డపేరు గురించి మాట్లాడాలంటే స్కోడాతో మొదలుపెట్టాలి. 1895లో లారిన్, క్లెమెంట్ అని ఇద్దరు కలిసి, ఇప్పటి చెక్ దేశంలోని మ్లాడా బొలెస్లావ్ అనే ఊళ్లో సైకిళ్లు చెయ్యడంతో మొదలైన సంస్థ అది. 1925లో ఎమిల్ స్కోడా పేరున్న పెద్ద ఇంజనీరింగ్ సంస్థలో కలిసింది, ఆ పేరే నిలిచింది. తమాషా ఏమిటంటే చెక్ భాషలో స్కోడా అన్న మాటకు నష్టం, అయ్యో పాపం అని అర్థాలు. మన సంఖ్యాశాస్త్రం వాళ్లెవరైనా అప్పట్లో అక్కడుంటే పేరులో రెండక్షరాలు ఎక్కువ రాయించేవాళ్లు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి ప్రభుత్వం ఆ సంస్థను జాతీయం చేసింది. పశ్చిమ దేశాల కార్లు ఏటికేడు మారుతూ పోతుంటే, ఇంజను వెనకాల పెట్టిన పాత డిజైనుతోనే స్కోడా ఏళ్ల తరబడి బండి లాక్కొచ్చింది. అవి బ్రిటన్‌లో చవగ్గా అమ్ముడయ్యేవి. చవక అన్నాక జోకులు పుట్టక మానవు కదా. స్కోడా కారు వెనక అద్దానికి వేడి ఎందుకు పెట్టారయ్యా అంటే, చలికాలంలో తోసేవాళ్ల చేతులు గడ్డకట్టకుండా. స్కోడా విలువ రెట్టింపు చెయ్యడమెలా? ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించు. ఇలాంటివి వందలు. అదే కారు 1977 మాంటి కార్లో ర్యాలీలో తన తరగతిలో మొదటి స్థానం కొట్టిందన్న సంగతి జోకులు చెప్పేవాళ్లకు అక్కర్లేదు.

1991లో జర్మనీ ఫోక్స్‌వాగన్ వచ్చి స్కోడాలో వాటా కొంది. ఇంజన్లు మారాయి, ఫ్యాక్టరీ మారింది, 1996లో ఆక్టేవియా వచ్చింది. మారనివి జోకులే. 2000లో ఫాబియా కారును బ్రిటన్‌లో దింపినప్పుడు కంపెనీ ఓ తెలివైన పని చేసింది. మా కారు గొప్పదని చెప్పలేదు, జనం తమను వెక్కిరిస్తారన్న సంగతినే ప్రకటనగా తీసింది. ఒక ప్రకటనలో కార్ పార్కింగ్ దగ్గర పనిచేసే మనిషి, కారు యజమాని దగ్గరికొచ్చి క్షమాపణ అడుగుతాడు. అయ్యా, ఎవరో పోకిరి వెధవలు మీ చక్కటి కారుకు స్కోడా బిళ్ల అంటించి పోయారు, అని. తనను చూసి తనే నవ్వేవాణ్ణి ఎదుటివాడు ఎంతసేపని వెక్కిరిస్తాడు? ఆ ప్రకటనలతో గాలి మళ్లింది.

ఇందులో నాకు ఇంకా ఆశ్చర్యమనిపించే ముక్క వేరే ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే 2001లో, స్కోడా మన దేశానికొచ్చింది. ఔరంగాబాద్ ఫ్యాక్టరీలో బిగించిన ఆక్టేవియా హైదరాబాద్ రోడ్డెక్కింది. మనకు ఆ జోకులు తెలీవు. మారుతీ 800లూ అంబాసిడర్లూ తిరిగే రోడ్డు మీద బరువైన తలుపు 'ధప్'మని మూసుకునే ఆ కారు చూసి, ఇది డాక్టర్లూ కాంట్రాక్టర్లూ కొనే బండి అనుకున్నాం. లండన్‌లో నవ్వులపాలైన బిళ్ల బంజారాహిల్స్‌లో హోదా అయింది. అంటే చెడ్డపేరుకు కూడా పాస్‌పోర్టు ఉండదన్నమాట, సముద్రం దాటలేదు.

స్కోడా విషయంలో మొదట్లో కొంత నిజమైనా ఉంది. నిజమే లేకుండా పేరు పోయిన ఉదంతం ఆడీది. 1986 నవంబరులో అమెరికాలో సీబీఎస్ టీవీ వాళ్ల '60 మినిట్స్' కార్యక్రమంలో, ఆడీ 5000 కారు దానంతటదే ఎగిరి ముందుకు దూకుతుందని చూపించారు. అలా దూకించడానికి ఒక కారు గేర్‌బాక్సులోకి బయటినుంచి గాలి ఒత్తిడి ఎక్కించారని తర్వాత తేలింది. 1989లో అక్కడి ప్రభుత్వ సంస్థ విచారణ ముగించి, చాలావరకు డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడమే కారణమంది. ఆ తీర్పు ఎవరికి కావాలి? 1985లో 74 వేల పైచిలుకు అమ్ముడైన ఆడీ కార్లు 1991 నాటికి 12 వేలకు పడిపోయాయి. నింద అరగంటలో వేశారు, కడుక్కోవడానికి పదేళ్లు పైనే పట్టింది.

ఇక మన దగ్గరికొద్దాం. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా నానో కారును చూపించారు. వానలో ఒకే స్కూటరు మీద తల్లీదండ్రీ ఇద్దరు పిల్లలూ తడుస్తూ పోతుంటే చూసి, వీళ్లకో కారు చెయ్యాలని తనకు అనిపించిందని ఆయన చెప్పేవారు. లక్ష రూపాయల కారు. 624 సీసీ ఇంజను, రెండే సిలిండర్లు, అదీ వెనక సీటు వెనకాల. పెట్రోలు పోయించాలంటే ముందు బానెట్ ఎత్తాలి. బంకు కుర్రాడు మొదటిసారి వెనక్కూ ముందుకూ తిరిగి వెతుక్కునేవాడు. బెంగాల్‌లోని సింగూరులో ఫ్యాక్టరీ భూముల గొడవ, ఆ ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణంద్‌కు తరలిపోవడం, అన్నీ అయ్యాక 2009లో బుకింగులు తెరిస్తే రెండు లక్షల మందికి పైగా డబ్బు కట్టారు. ఏడాదికి రెండున్నర లక్షల కార్లు చెయ్యగల ఫ్యాక్టరీ కట్టారు. ఏ ఒక్క ఏడాదీ అమ్మకాలు లక్ష దాటలేదు. 2018 జూన్ నెల మొత్తంలో తయారైంది ఒకే ఒక్క నానో.

కొన్ని బళ్లు అంటుకున్న వార్తలొచ్చాయి, కంపెనీ ఉచితంగా అదనపు రక్షణ ఏర్పాట్లు చేసిచ్చింది, ధర లక్ష దగ్గర నిలబడలేదు. ఇవన్నీ నిజమే. కానీ అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. అందుబాటులో ఉన్న కారు అని చెప్పాల్సింది పోయి అందరికంటే చవక కారు అన్న ముద్ర పడనివ్వడం పొరపాటని. ఆ ముద్ర ఎలా పనిచేస్తుందో నేను కళ్లారా చూశాను. మా స్కూల్లో సైన్సు మాస్టారొకాయన నానో కొన్నారు. ఎనిమిదేళ్లు నడిపారు, ఒక్క మాట అనలేదు దాన్ని. ఇరుకు సందుల్లో తిప్పుకోవడానికి అంత హాయైన బండి లేదనేవారు. కూతురికి పెళ్లిచూపులు జరిగిన రోజు మాత్రం, మగపెళ్లివాళ్లు వచ్చే వేళకు దాన్ని తీసుకెళ్లి పక్క వీధిలో రావిచెట్టు కింద పెట్టొచ్చారు. స్కూటరును గుమ్మం ముందే ఉంచారు. ఆలోచించండి. స్కూటరు సిగ్గు కాదట, కారు సిగ్గట! స్కూటరున్న మనిషి ఇంకా కారు కొనలేదని అనుకుంటారు. నానో ఉన్న మనిషి ఇంతే కొనగలిగాడని అనుకుంటారు. ఇంట్లో మిక్సీ ఏ కంపెనీదో వంటింట్లోకి వచ్చినవాళ్లకే తెలుస్తుంది. కారలా కాదు, ఇరవై నాలుగ్గంటలూ వీధిలో నిలబడి మన జీతమెంతో చెబుతుంటుంది.

ఇలాంటిదే ఇంకో ముద్ర, మన రెండు రాష్ట్రాల్లోనూ బలంగా ఉన్నది, ట్యాక్సీ ముద్ర. 1998 చివర్లో టాటా ఇండికా వచ్చింది. తొలి బళ్ల మీద ఫిర్యాదులొచ్చాయి, సరిదిద్ది 2001లో వీ2 అని తెచ్చారు. డీజిలు ఇంజను, లోపల చోటు, ఖర్చు తక్కువ. ట్రావెల్స్ వాళ్లు ఎగబడి కొన్నారు. అప్పట్లో హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టు పిల్లల్ని తెల్లారుజామున ఇళ్లకు దింపే బళ్లు సగం అవే. అంతే, ఇండికా కొనే కుటుంబాలు వెనక్కు తగ్గాయి. తర్వాత 2010లో టొయోటా ఎటియోస్ వచ్చినప్పుడూ ఇదే జరిగింది. "దాన్ని గుమ్మం ముందు పెడితే, ఎయిర్‌పోర్టుకు ఎవరికో బుక్ చేసినట్టుంటుంది" అన్నాడు మా బావమరిది.

ఇక్కడ నా లెక్కల బుర్రకు అర్థంకానిది ఒకటుంది. లారీలు వరసగా ఆగిన హోటల్లో భోజనం బాగుంటుందని మనమంతా నమ్ముతాం. రోజూ తినేవాళ్లు వాళ్లే కాబట్టి. మరి రోజూ మూడొందల కిలోమీటర్లు తిప్పి, దాని మీదే ఇల్లు గడుపుకునే ట్యాక్సీ డ్రైవరు ఏరి కొన్న బండి బాగుంటుందని ఎందుకు నమ్మం? అంతకంటే గట్టి సర్టిఫికెట్టు ఎవరిస్తారు? పరీక్ష పాసైనందుకే ఆ బండిని తరగతి బయట నిలబెడుతున్నాం.

అందరికీ ఇలా అవదు లెండి. ఇన్నోవా కూడా తిరుపతి యాత్రలకు తిరిగే ట్యాక్సీయే. దానికి మచ్చ అంటలేదు. ఎందుకంటే అదే బండిలోంచి ఎమ్మెల్యేగారు కూడా దిగుతారు. అంతకుముందు అంబాసిడరూ అంతే, బస్టాండు దగ్గర ట్యాక్సీ అదే, కలెక్టరుగారి ఎర్రబుగ్గ కారూ అదే. బండి పరువు దాన్ని నడిపేవాడిలో లేదు, అందులోంచి దిగేవాడిలో ఉంది.

ఇంతవరకూ పేరు ఎలా పోతుందో చెప్పాను. పోయిన పేరు ఎందుకు తిరిగి రాదన్నది అసలు చిక్కుముడి.

అమెరికాలో ఫ్రీమాంట్ అని ఒక ఊరుంది. మన తెలుగువాళ్లు విరివిగా ఉండే ఊరే. అక్కడ 1984 నుంచి 2009 వరకు జనరల్ మోటార్స్, టొయోటా కలిసి ఒక ఫ్యాక్టరీ నడిపాయి. ఇప్పుడక్కడ టెస్లా ఉంది. ఆ ఫ్యాక్టరీలో ఒకే వరసలో, అవే చేతులతో, కవల పిల్లల్లాంటి రెండు కార్లు బిగించేవాళ్లు. ఒకదానికి టొయోటా కరోలా అని బిళ్ల, రెండోదానికి ప్రిజమ్ అని పేరుపెట్టి జనరల్ మోటార్స్ బిళ్ల. పాత కార్ల బజారులో కరోలాకు ఎక్కువ, ప్రిజమ్‌కు తక్కువ పలికేది. మా మేనల్లుడు చదువుకోవడానికి అమెరికా వెళ్లిన కొత్తలో కరోలాయే కొన్నాడు, ప్రిజమ్ కంటే వెయ్యి డాలర్లు ఎక్కువ పోసి. ఏరా, రెండూ ఒకటే అంటున్నారుగా అంటే వాడు చెప్పిన జవాబు ఇది: "ఒకటేనని నాకు తెలుసు మావయ్యా. రెండేళ్ల తర్వాత నా దగ్గర కొనే జూనియర్‌కు తెలియాలిగా?"

ఆ ఒక్క మాటతో నా లెక్క తెగింది. కారు కొనేవాడు కారును మాత్రమే కొనడు. రేపు తన దగ్గర కొనబోయే, మొహం కూడా చూడని మనిషి అభిప్రాయాన్ని కూడా కలిపి కొంటాడు. నాకు ఆ కంపెనీ మీద నమ్మకముంది, రేపటివాడికి ఉండదేమోనని నా భయం. ఆ రేపటివాడికీ నమ్మకమే ఉండొచ్చు, ఎల్లుండివాడి గురించి వాడి భయం. అపనమ్మకం ఎవరిలోనూ లేకుండానే బజారంతా అపనమ్మకంతో నిండిపోతుంది. దురభిప్రాయం పోవాలంటే ఒక మనిషి మనసు మారితే చాలదు. అందరి మనసులూ మారాయని అందరికీ తెలియాలి.

జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో పాత కార్ల బజారు మీదే ఒక వ్యాసం రాశాడు. దానికి మొదట మూడు పత్రికలు తలుపేశాయి, 2001లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిందీ అదే. ఆయన చెప్పింది మన నూజివీడు రసాల బుట్టతో చెప్పొచ్చు. అడుగున ఎన్ని కుళ్లాయో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. అందుకని కొనేవాడు ప్రతి బుట్టకూ ఓ రేటు తగ్గించే అడుగుతాడు. మంచి బుట్ట ఉన్నవాడు ఆ రేటుకు ఇవ్వలేక ఇంటికి తీసుకుపోతాడు. బజార్లో మిగిలేవి ఆ కుళ్లువే. లోపల కనిపించని చోట కొనేవాడు పట్టుకుని వేళ్లాడేది ఒకటే, పైనున్న పేరు.

అయితే ఇదంతా భ్రమేనా అంటే, కాదు. అదే దీనిలో ఉన్న పేచీ. ఆ రోజు బండి చూసి వెనక్కొస్తూ మా మెకానిక్ రెండో కారణం కూడా చెప్పాడు. "అందరూ కొనే బండికి బ్రేకు ప్యాడ్లు కావాలంటే, మా షెడ్డు కుర్రాడు సైకిలేసుకుని ఇటు పోయి అటొస్తాడు మాస్టారూ. దీనికి చెన్నై నుంచి రావాలి. రెండ్రోజులు." కొనేవాళ్లు తక్కువైతే షోరూములు తక్కువ, స్పేర్లు పెట్టే కొట్లు తక్కువ, ఆ బండి చెయ్యి తిరిగిన మెకానిక్కులు తక్కువ. రిపేరు ఆలస్యమవుతుంది. "చూశావా, నేను ముందే చెప్పలా?" అంటాడు పక్కింటాయన. చెడ్డపేరు తన సాక్ష్యాలను తనే పుట్టించుకుంటుంది. ఆ పైన కంపెనీయే వెళ్లిపోతే? షెవర్లే కార్లు అమ్మిన జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తానంది. ఫోర్డ్ బళ్లను ప్రాణంగా చూసుకునే వాళ్లు నాకు తెలుసు. కానీ ఈ రెండు దెబ్బలు చూసిన జనం కొత్త విదేశీ పేరు వినగానే "ఎన్నాళ్లుంటారో" అని అడిగితే, దాన్ని దురభిప్రాయం అనలేను.

పేరు తిప్పుకున్నవాళ్లు లేకపోలేదు. హ్యుందయ్ 1986లో అమెరికాలో ఎక్సెల్ అనే చవక కారుతో దిగింది. మొదట విరగబడి కొన్నారు, తర్వాత విరిగిపోతోందని తిట్టారు. పన్నెండేళ్ల తర్వాత ఆ కంపెనీ ఇంజనుకూ గేర్‌బాక్సుకూ పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ అంది. మాటలు కట్టిపెట్టి జేబు ముందుపెట్టడమన్నమాట. టాటా కథ ఇంకోలా మారింది. ఇండికా, నానోల కంపెనీ తయారుచేసిన నెక్సాన్, 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గోడకు గుద్ది చూసే పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. మన దేశంలో తయారైన కార్లలో అదే మొదటిది. ఆ రోజునుంచి "ట్యాక్సీ కంపెనీ" అన్న నోళ్లే "ఇనప బండి" అనసాగాయి. మారుతీని "రేకు డబ్బా" అనడం అప్పట్నుంచే ఇంకా ఎక్కువైంది. 2024 నవంబరులో మారుతీ డిజైర్ కూడా అదే పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. మా బావమరిది ఇప్పటికీ రేకు డబ్బా అనే అంటాడు. అతని దగ్గరికి వార్త చేరడానికి ఇంకో నాలుగేళ్లు పట్టొచ్చు.

అసలు పేరే లేకపోవడం కూడా ఒక అదృష్టమేమో. కొరియా కంపెనీ కియా 1997లో దివాలా తీసి మరుసటి ఏడు హ్యుందయ్ చేతిలో పడింది. మనకు ఆ గతం తెలీదు. విజయనగరం పతనమయ్యాక అక్కడి రాజులు తలదాచుకున్న పెనుకొండ ఉంది చూశారూ, దాని పక్కన ఫ్యాక్టరీ కట్టి, 2019 ఆగస్టులో సెల్టాస్ దింపితే, జనం నెలల తరబడి వంతు కోసం ఆగారు. అప్పటి అనంతపురం జిల్లా కరువు నేలలో తయారైన కారంటే రాయలసీమ వాళ్లకు అది పరాయి బండి కాలేదు.

సరే, నా సంగతి. మెకానిక్ మాట విని, అందరూ కొనే కంపెనీ బండి తొంభై వేలు ఎక్కువపెట్టి కొన్నాను. ఆరు నెలల తర్వాత ఆయిల్ మార్పించడానికి షెడ్డుకు వెళితే, మూలన వేపచెట్టు కింద ఆ మొదటి బండి కనిపించింది. వెనక సీట్లో పిల్లల స్కూలు బ్యాగులున్నాయి.

"ఏరా, ఇది ఆ రోజు మనం చూసిందే కదూ?"

"అదే మాస్టారూ. ఇంకో ఇరవై వేలు తగ్గించాడు, తీసుకున్నా."

"మరి నన్ను కొనొద్దన్నావు?"

"మీరు రేపు అమ్ముతారు గదండీ. నేను అమ్మను. స్పేర్లకి రెండ్రోజులు పట్టినా, బండి ఉండేది మన షెడ్డులోనేగా" అన్నాడు, సప్లిమెంటరీలో లెక్కలు పాసైన నా శిష్యుడు.

ఇవాళ ఈ రికార్డింగుకు నన్ను రేడియో స్టేషను గేటు దగ్గర దింపింది ఆ బండే. నాది సర్వీసుకిచ్చాను లెండి.